లియోన్‌లో ఒక సెమిస్టర్ చదవబోతున్నా, వెర్సాయ్ ప్యాలెస్‌కి ఒక్క రోజే దొరుకుతుంది, ఎలా చూడాలి?

హిందూపురం_అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది హిందూపురం, నాన్న ఉద్యోగం వల్ల చిన్నప్పట్నుంచీ బెంగళూరే, ఇప్పుడు బనశంకరిలో ఉంటున్నాం. ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నా, వచ్చే సెమిస్టర్ ఎక్స్‌చేంజ్ మీద ఫ్రాన్స్‌లో లియోన్ వెళ్తున్నా, వీసా పని నడుస్తోంది. జనవరి చివర్లో వెళ్తే మళ్ళీ వచ్చేది జూన్‌లో. స్టూడియో, ప్రాజెక్టులు చూస్తే ప్యారిస్ వైపు వెళ్ళడానికి ఒక వీకెండ్ దొరికితే గొప్ప, అందులో ఒక రోజు పూర్తిగా వెర్సాయ్‌కే ఇద్దామని అనుకుంటున్నా.

నా బాధ ఏంటంటే ఏ వీడియో చూసినా అద్దాల హాల్లో జనం, ఫోన్లు పైకెత్తిన చేతులు, అంతే. మా సీనియర్ ఒకామె కూడా వెళ్ళొచ్చి, వెనకనుంచి తోస్తుంటే ముందుకి నడిచాం, బయటికొచ్చాక ఏం చూశామో గుర్తులేదు అని చెప్పింది. నాకు అలా అవ్వకూడదు. రెండు మూడు చోట్లయినా సరే నిలబడి చూడాలి, కుదిరితే స్కెచ్ వేసుకోవాలి. టికెట్ సంగతి, ఎలా వెళ్ళాలి, దేని దగ్గర ఎక్కువసేపు ఆగాలి, వెళ్ళేలోపు ఇక్కడ బెంగళూరులో చూసుకుని వెళ్ళాల్సింది ఏమైనా ఉందా, అన్నీ చెప్పండి ప్లీజ్. ఇంకోటి, మా అమ్మ మైసూరు ప్యాలెస్ చూశావు కదా మళ్ళీ అక్కడ ప్యాలెస్ ఎందుకు, చదువుకోడానికి వెళ్తున్నావా తిరగడానికా అని రోజూ అడుగుతోంది, దానికీ ఒక జవాబు కావాలి 🙏

వైట్‌ఫీల్డ్_అక్క:
కంగ్రాట్స్ చెల్లీ, చాలా సంతోషం. నేను ప్యారిస్ దగ్గర మాస్టర్స్ చేసి వచ్చి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో పని చేస్తున్నా, అక్కడున్నప్పుడు చుట్టాలు ఎవరొచ్చినా వెర్సాయ్ తీసుకెళ్ళే పని నాదే.

ముందు డబ్బుల సంగతి. నీకు 26 నిండలేదు కదా, యూరోపియన్ యూనియన్‌లో ఉంటున్న 26 లోపు వాళ్ళకి ప్యాలెస్, దాని తోట అవతల ట్రియానన్ అనే చిన్న రాజభవనాలు రెండూ ఉచితం, మన పాస్‌పోర్ట్ అయినా పర్లేదు, స్టూడెంట్ లాంగ్ స్టే వీసా కనిపిస్తే చాలు. అందుకని ఆ రోజు పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్ళు, ఫోన్లో ఫోటోని నమ్ముకోకు. నీ వీసా ఫ్రాన్స్‌లో దిగాక ఆన్‌లైన్‌లో వాలిడేట్ చేసుకునే రకం అయితే మూడు నెలల్లోపు ఆ పని అయిపోవాలి, చాలామంది క్లాసుల హడావుడిలో పడి వాయిదా వేస్తుంటారు, నువ్వు మొదటి వారంలోనే చేసేయ్. ఉచితం కదా అని నేరుగా గేటు దగ్గరికి వెళ్ళిపోవద్దు, ఫ్రీ ఎంట్రీ వాళ్ళు కూడా ప్యాలెస్‌కి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి, సున్నా రూపాయల టికెట్ అనుకో. ఫౌంటెన్లు ఆడే రోజుల్లో మాత్రం తోటకి నువ్వు కూడా డబ్బు కట్టాల్సిందే.

సోమవారం ప్యాలెస్ సెలవు. మంగళవారం లూవ్ర్ మ్యూజియం సెలవు కాబట్టి ప్యారిస్‌లో ఉన్న టూరిస్టులంతా ఆ రోజు ఇటే వచ్చి పడతారు. నవంబర్ నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం అందరికీ ఫ్రీ, నీకు ఎలాగూ ఫ్రీయే కాబట్టి ఆ ఆదివారం జోలికి అస్సలు పోకు. శుక్రవారం క్లాస్ లేకపోతే శుక్రవారం బెస్ట్.

లియోన్ నుంచి టీజీవీ అనే స్పీడు రైలు ఎక్కితే రెండు గంటల్లో ప్యారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్. అక్కడ దిగి సేన్ నది మీద వంతెన దాటి నడిస్తే ఆస్టర్లిట్జ్ స్టేషన్ వస్తుంది, అక్కడ ఆర్ఈఆర్ సీ రైలు ఎక్కి వెర్సాయ్ షాతో రివ్ గోష్ అని బోర్డు ఉన్నదానిలో కూర్చో, ఆ స్టేషన్ నుంచి ప్యాలెస్‌కి పది నిమిషాల నడక. వెర్సాయ్ పేరుతో స్టేషన్లు ఇంకా ఉన్నాయి, అవి కాస్త దూరం, కాబట్టి బోర్డు మీద పేరు పూర్తిగా చదువు. 2025 జనవరి నుంచి ఎయిర్‌పోర్ట్ తప్ప ఆ ప్రాంతమంతా మెట్రోకీ రైలుకీ ఒకే ధర టికెట్ పెట్టారు, బస్సు టికెట్ మాత్రం రైల్లో చెల్లదు.

ఒక్క రోజే కాబట్టి నా మాట విను, ట్రియానన్ వదిలేయ్, పొద్దున తొమ్మిదింటి స్లాట్ తీసుకుని ప్యాలెస్, తర్వాత తోట, అంతే.

బీటీఎం_రాయుడు:
మనకి వసంతనగర్‌లో బెంగళూరు ప్యాలెస్ ఉంది కదా, ఆడియో గైడ్ తీసుకుని అది ఒకసారి చూసి వెళ్ళు, విదేశీ ప్యాలెస్ ఎలా ఉంటుందో ఐడియా వస్తుంది.

చిక్కపేట_బాబాయ్:
తల్లీ, మాది ధర్మవరం, చిక్కపేటలో పట్టుచీరల అంగడి, చరిత్ర అంటే ప్రాణం నాకు. రాయుడు చెప్పిన ప్యాలెస్ ఇంగ్లండ్ విండ్సర్ కోట పోలికలో కట్టింది, వెర్సాయ్‌తో దానికి సంబంధం లేదు. వెర్సాయ్‌తో నిజంగా సంబంధం ఉన్న ఇల్లు మా అంగడికి కొంచెం దూరంలోనే ఉంది, టిప్పు సుల్తాన్ వేసవి ప్యాలెస్, కోటె వెంకటరమణస్వామి గుడి పక్కన. నువ్వు అది చూడకుండా విమానం ఎక్కొద్దు.

సంగతి ఏంటంటే 1787లో టిప్పు ముగ్గురు రాయబారుల్ని పాండిచ్చేరి నుంచి ఓడలో ఫ్రాన్స్ పంపించాడు. మహమ్మద్ దర్వేష్ ఖాన్, అక్బర్ అలీ ఖాన్, మహమ్మద్ ఉస్మాన్ ఖాన్. 1788 జూన్‌లో తూలోన్ రేవులో దిగారు, అక్కడ్నించి ప్యారిస్. వాళ్ళ బట్టలు, తలపాగాలు చూడ్డానికి ప్యారిస్ జనం ఎగబడ్డారు. 1788 ఆగస్టు 10న వెర్సాయ్‌లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ వాళ్ళకి దర్బారు ఇచ్చాడు. ఎక్కడో తెలుసా, హెర్క్యులస్ సలోన్ అనే పెద్ద గదిలో. నువ్వు మేడ మీద రాజుగారి గదుల వరసలోకి అడుగుపెట్టగానే మొదట్లోనే వస్తుంది ఆ గది. అందరూ అద్దాల హాలు ఎక్కడ ఎక్కడ అనుకుంటూ దాన్ని దాటేసి పోతారు. నువ్వు మాత్రం అక్కడ ఆగు.

వాళ్ళు పోయింది సరదాకి కాదు తల్లీ. ఇంగ్లీషు వాళ్ళ మీద యుద్ధానికి సైన్యం ఇవ్వండి, మనం ఒక ఒప్పందం చేసుకుందాం అని అడగడానికి పోయారు. లూయీ మర్యాదలన్నీ చేశాడు, సేవ్ర్ పింగాణీ కానుకలిచ్చాడు, కొందరు చేతిపనివాళ్ళని వెంట పంపాడు, సైన్యం మాత్రం ఇవ్వలేదు. ఆయన దగ్గర ఉంటే కదా ఇవ్వడానికి, ఖజానా అప్పటికే ఖాళీ. అంత బంగారు పూత కింద అప్పులున్నాయని మనవాళ్ళకి ఎవరు చెప్తారు? ఏడాది తిరిగేసరికి 1789 అక్టోబర్‌లో ప్యారిస్ ఆడవాళ్ళు రొట్టె లేక వానలో నడిచి వచ్చి ప్యాలెస్‌ని చుట్టుముట్టారు, అక్టోబర్ 6న రాజు కుటుంబం ప్యారిస్‌కి పోయింది, మళ్ళీ ఆ ఇంట్లో కాలు పెట్టలేదు. ఇక్కడ చూస్తే 1791 మార్చిలో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ మన బెంగళూరు కోట పట్టుకున్నాడు, 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు పోయాడు. సాయం అడిగినవాడు, అడిగించుకున్నవాడు ఇద్దరూ పదకొండేళ్ళలోపే పోయారు. నేను అంగడిలో కూర్చుని ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతుంది.

దర్వేష్ ఖాన్ నిలువెత్తు బొమ్మని ఎలిజబెత్ విజే లె బ్రన్ అనే ఆవిడ అదే ఏడు గీసింది, రాణి మేరీ ఆంటోనెట్ బొమ్మలు గీసింది కూడా ఆవిడే. నెట్‌లో వెతికి చూడు, తెల్ల మస్లిన్ బట్ట, దాని మీద జరీ పువ్వులు, చేతిలో కత్తి. బట్టల వ్యాపారిగా చెప్తున్నా, ఆ మస్లిన్ ముడతల కోసమైనా ఆ బొమ్మ చూడాలి.

హిందూపురం_అమ్మాయి:
బాబాయ్ గారూ, ఇన్నేళ్ళు బెంగళూరులో ఉండి ఇది నాకెవరూ చెప్పలేదు, క్లాసులో కూడా వెర్సాయ్ అంటే లె నోత్ర్ గీసిన తోట, యాక్సిస్, సిమెట్రీ అని చెప్పి స్లైడ్ మార్చేశారు. హెర్క్యులస్ గది ఇప్పుడే ప్లాన్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నా. వైట్‌ఫీల్డ్ అక్కా, టికెట్ వివరాలకి చాలా థాంక్స్, ఫ్రీ అని నాకు తెలీనే తెలీదు. ఇక్కడ ఆర్కిటెక్టులు ఎవరైనా ఉంటే బిల్డింగ్‌లో ఏం చూడాలో కూడా చెప్తారా?

జయనగర్_ఆర్కిటెక్ట్:
ఉన్నానమ్మా. స్లైడ్ మార్చేశారన్నావు చూడు, అందుకే రాస్తున్నా. వెర్సాయ్‌ని ఒకేసారి ప్లాన్ గీసి కట్టేసిన భవనంలా చూస్తే ఏమీ కనపడదు. అది ఒకదాని మీద ఒకటి తొడుక్కుంటూ పోయిన ఇల్లు.

గేటు దాటి లోపలికి పోయాక చివర్లో మార్బుల్ కోర్ట్ అని చిన్న వాకిలి వస్తుంది, నేలంతా నలుపు తెలుపు పాలరాయి. అక్కడ గోడలు ఎర్ర ఇటుక. ఆ ఇటుకే అసలు మొదలు, పదమూడో లూయీ వేటకి వచ్చినప్పుడు పడుకోవడానికి 1623లో చిన్న బస కట్టించుకున్నాడు, 1631 నుంచి దాన్ని తిరగ్గట్టించి పెద్దది చేశాడు. కొడుకు పద్నాలుగో లూయీకి పెద్ద ప్యాలెస్ కావాలి, కానీ నాన్న కట్టిన ఇల్లు పడగొట్టనన్నాడు. అప్పుడు ల్ వో అనే ఆర్కిటెక్ట్ ఆ ఇటుక ఇంటిని అలాగే ఉంచి తోట వైపు మూడు పక్కలా రాతి భవనం చుట్టేశాడు. నువ్వు వాకిలి వైపు నిలబడి చూస్తే ఇటుక, తిరిగి తోట వైపు పోయి చూస్తే మొత్తం రాయి, ఒకే ఇంటికి రెండు వయసులు. స్కెచ్ వేస్తే ఈ రెండూ పక్కపక్కన వెయ్యి, నీ ప్రొఫెసర్ కూడా మెచ్చుకుంటారు.

ల్ వో తోట వైపు మధ్యలో మేడ మీద ఖాళీ టెర్రస్ వదిలాడు. ఆ తర్వాత వచ్చిన ఆర్దువాఁ మాన్సార్ 1678లో ఆ టెర్రస్‌ని మూసేసి కట్టిందే మీ అద్దాల హాలు. 73 మీటర్ల పొడవు, తోట వైపు 17 కిటికీలు, వాటికి ఎదురుగా 17 ఆర్చీలు, అందులో 357 అద్దాలు. ఒక్కో ఆర్చీలో 21 పలకలు, ఒకే పెద్ద అద్దం కాదు. అప్పట్లో అంత పెద్ద అద్దం చెయ్యడం రాదు, పైగా అద్దాల పని అంటే వెనిస్ వాళ్ళదే గుత్తాధిపత్యం, దాన్ని విరగ్గొట్టాలని ఫ్రాన్స్ 1665లో సొంత కార్ఖానా పెట్టింది, వచ్చిన రాయబారులకి మా సరుకు చూడండి అని చూపించడానికే ఈ హాలు. ఒక ఆర్చీ దగ్గరికి వెళ్ళి పక్కగా నిలబడి పలకల మధ్య అతుకులు చూడు, ఎదురు కిటికీ చట్రం ఒక పలకలో ఒకచోట, పక్క పలకలో వెంట్రుకవాసి జరిగి కనపడుతుంది. పాత పలకలు కాస్త బూడిదరంగులో ఉంటాయి. నేను పక్కవాళ్ళు ఏమనుకున్నా పర్లేదని అక్కడే ఉండిపోయా.

కింద నేల కూడా చూడు. కొన్ని గదుల్లో ముందు పాలరాయి పరిచారు, కడిగిన నీళ్ళు సందుల్లోంచి దిగి కింద దూలాలు కుళ్ళిపోవడం మొదలైంది, 1684లో తీసేసి చెక్క పరిచారు. చతురస్రాల్లో ఏటవాలుగా అల్లిన ఆ చెక్క నేల డిజైన్‌ని ఇప్పటికీ ప్రపంచమంతా వెర్సాయ్ పార్కే అనే పిలుస్తారు. మన దగ్గర బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ గురించి క్లయింట్లకి చెప్పి చెప్పి గొంతు పోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇక నీళ్ళు. బెంగళూరు పిల్లవి కాబట్టి నీకు ఇది బాగా ఎక్కుతుంది. వెర్సాయ్ ఉన్నది ఎత్తు మీద, పక్కన నది లేదు. మనకి కావేరి వంద కిలోమీటర్ల అవతల నుంచి పంపులతో ఎక్కించినట్టే వాళ్ళూ సేన్ నది నీళ్ళు పైకి ఎక్కించారు, మార్లీ దగ్గర 1684లో 14 పెద్ద చక్రాలు, 221 పంపులతో ఒక యంత్రం పెట్టారు, నది ప్రవాహమే చక్రాలు తిప్పాలి. అయినా చాల్లేదు. ఫౌంటెన్లన్నీ ఒకేసారి ఆడించడానికి నీళ్ళు లేక రాజు నడిచి వస్తుంటే తోటవాళ్ళు ఈలలు వేసుకుంటూ ముందున్న ఫౌంటెన్ తిప్పి, దాటిపోయిన ఫౌంటెన్ కట్టేసేవాళ్ళు. 1685లో ఏకంగా యూర్ నదిని కాలువలో తిప్పి తీసుకొద్దామని వేలమంది సైనికుల్ని పనికి పెట్టారు, జ్వరాలొచ్చి ఎంతోమంది పోయారు, యుద్ధం రావడంతో పని ఆగిపోయింది, మాంతెనోన్ ఊళ్ళో సగంలో ఆగిన ఆ ఆర్చీలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. తోటలో నీళ్ళు పైకి ఎగురుతుంటే చప్పట్లు కొట్టేవాళ్ళ మధ్య నువ్వొక్కదానివైనా ఆ సైనికుల్ని తలచుకో.

మీ అమ్మగారికి ఇలా చెప్పు. మైసూరు ప్యాలెస్ 1897లో పాతది కాలిపోయాక హెన్రీ ఇర్విన్ గీసి 1912కి పూర్తయింది, చాలా అందంగా ఉంటుంది, నాకూ ఇష్టం. కానీ వెర్సాయ్‌లో రాజు ఇంటితో పాటు 1682 మే నుంచి మొత్తం ప్రభుత్వమే వచ్చి కూర్చుంది, ఒక దేశపు సచివాలయం, దొరల కాలనీ, రాజు పడకగది అన్నీ ఒకే కప్పు కింద. ప్లానింగ్ చదివే పిల్లకి అది చూడటం చదువే.

ఎలక్ట్రానిక్‌సిటీ_అమ్మ:
పాపా, మా బాబు అక్కడ చదువుతున్నప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళాడు. వైట్‌ఫీల్డ్ అమ్మాయి ట్రియానన్ వదిలేయమంది, నేను ఒప్పుకోను. ఆ బంగారం, ఆ బొమ్మల కప్పులు చూసి చూసి మెడ పట్టేసి బయటికొచ్చాక నాకు ప్రాణం లేచొచ్చింది ట్రియానన్‌లోనే. చిన్న ట్రియానన్‌ని పదహారో లూయీ 1774లో మేరీ ఆంటోనెట్‌కి ఇచ్చాడట, చిన్న ఇల్లు, పొందిగ్గా ఉంటుంది, దాని వెనక ఆవిడ 1783 నుంచి కట్టించుకున్న పల్లెటూరు, చెరువు, గడ్డి కప్పిన ఇళ్ళు, కూరగాయల మళ్ళు. అంత పెద్ద ప్యాలెస్ ఉండి కూడా ఆ పిల్లకి ఊపిరాడక ఇక్కడికి వచ్చేదని మా బాబు చెప్తే నాకు జాలేసింది. పద్నాలుగేళ్ళకి అత్తారింటికి పంపేశారు పాపం.

కాళ్ళకి మంచి షూస్ వేసుకో, ప్యాలెస్ నుంచి అక్కడికి అరగంట నడక. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. తోటలో కూర్చుని తిననివ్వరు, అవతల పార్కులో అయితే ఏమీ అనరు, మేము పులిహోర డబ్బా అక్కడే తెరిచాం. మీ అమ్మతో చెప్పు, పిల్ల ఒంటరిగా అంత దూరం వెళ్ళి నాలుగు మంచి విషయాలు చూసొస్తే తల్లికి కూడా గర్వమే కదా అని. కావాలంటే నన్ను మాట్లాడమన్నా మాట్లాడతా.

హిందూపురం_అమ్మాయి:
ఆంటీ, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా, పులిహోర దగ్గర నవ్వింది, ఇక పర్లేదు అనుకుంటున్నా 😊 సార్, మీరు రాసింది మొత్తం నోట్స్‌లో ఎక్కించుకున్నా. ఇప్పుడు ఒకటే డౌట్. ఫౌంటెన్లు ఆడే రోజు వెళ్ళాలంటే వీకెండ్ కావాలి, వీకెండ్ అంటే జనం. అక్క చెప్పినట్టు శుక్రవారం వెళ్తే ఖాళీగా ఉంటుంది కానీ నీళ్ళు ఉండవు. ఏది వదులుకోవాలి?

జయనగర్_ఆర్కిటెక్ట్:
నీళ్ళు వదులుకోవద్దు. ఆ తోట నీళ్ళ కోసమే గీసింది, ఆగిపోయిన ఫౌంటెన్ చూస్తే సగం డ్రాయింగ్ చూసినట్టే. చలికాలంలో అయితే విగ్రహాలకి కూడా ముసుగులు వేసి ఉంచుతారు. ఏప్రిల్ దాటాక ఒక శనివారం వెళ్ళు. ప్యాలెస్ పొద్దున్నే వద్దు, గుంపులన్నీ పొద్దున్నే దిగుతాయి. పొద్దున తోట, నీళ్ళు, మధ్యాహ్నం 12కి ట్రియానన్ తెరుస్తారు కాబట్టి అది, ప్యాలెస్ సాయంత్రం పెట్టుకో. అద్దాల హాలు కిటికీలు పడమటి వైపు, సాయంత్రం ఎండ నేరుగా కిటికీల్లోంచి వచ్చి అద్దాల మీద పడుతుంది, మాన్సార్ ఆ హాలుని ఎందుకు అక్కడ పెట్టాడో అప్పుడు అర్థమవుతుంది.

వైట్‌ఫీల్డ్_అక్క:
సార్ చెప్పింది బాగుంది, వెలుతురు సంగతి నేను ఆలోచించలేదు, చుట్టాల్ని తీసుకెళ్ళేటప్పుడు తొందరగా ఇంటికి చేరాలి అన్నదే నా లెక్క. అలా అయితే చెల్లీ మూడున్నర నాలుగు మధ్య స్లాట్ తీసుకో. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ప్యాలెస్ సాయంత్రం 6:30కి మూసేస్తారు, ఆలస్యంగా వెళ్తే చివరి గదుల్లో గార్డులు పదండి పదండి అంటారు. హెర్క్యులస్ గదిలో కప్పు మీద లెమోయిన్ 1736లో పూర్తి చేసిన పెద్ద పెయింటింగ్ ఉంటుంది, గోడ మీద వెరోనీస్ వేసిన విందు బొమ్మ, దాన్ని వెనిస్ వాళ్ళు 1664లో పద్నాలుగో లూయీకి కానుకగా పంపారు. బాబాయ్ గారి ముగ్గురు రాయబారులు కూడా ఆ రెండూ చూసే ఉంటారు. రాత్రి లియోన్ రైలు మరీ దగ్గర టైమ్‌కి బుక్ చెయ్యకు, ఆర్ఈఆర్ సీ వీకెండ్‌లో పనులు ఉన్నాయని ఆపేస్తుంటారు, ముందురోజు యాప్‌లో చూసుకో.

చిక్కపేట_బాబాయ్:
తల్లీ, ఆదివారం మా అంగడి సెలవు. అమ్మానాన్నల్ని తీసుకుని రా, మెట్రోలో కేఆర్ మార్కెట్ స్టేషన్‌లో దిగితే టిప్పు ప్యాలెస్ నడిచేంత దూరం. టేకు స్తంభాలు, పైన టిప్పు కూర్చుని అర్జీలు విన్న బాల్కనీలు నేను దగ్గరుండి చూపిస్తా. ఇంకో వారం తీరిక దొరికితే శ్రీరంగపట్నం కూడా పోయి దరియా దౌలత్ ప్యాలెస్ గోడ మీద, ఇంగ్లీషు వాళ్ళతో జరిగిన పొల్లిలూర్ యుద్ధం బొమ్మ చూడు, అందులో టిప్పు పక్షాన ఫ్రెంచి సైనికులు కూడా ఉంటారు.